మ్యాజికల్ గర్ల్ పేరడీ యానిమేని సరిగ్గా చూడటం ఎలా? జోకులు జారిపోకుండా పట్టుకునే పూర్తి పద్ధతి

"అందరూ పడీ పడీ నవ్వామంటున్నారు. నేను రెండు ఎపిసోడ్లు చూశాను, అరుపులు, రంగులు తప్ప ఏమీ అర్థం కాలేదు." మాయాశక్తితో రూపం మార్చుకుని రాక్షసులతో పోరాడే అమ్మాయిల కథలను, అంటే మ్యాజికల్ గర్ల్ కథలను, ఆటపట్టించే యానిమేల (జపాన్ కార్టూన్ల) గురించి పాఠకులు ఎక్కువగా అడిగేది ఇదే. దాని వెనకే ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు వేరే ఏవైనా చూడాలా?

చూడాలి. అదేమంత పెద్ద పని కాదు, రెండు గంటలు చాలు. ఈ రకం కామెడీలో ఒక నియమం తప్పిన చోట నవ్వు పుడుతుంది. ఆ నియమమే తెలియని మనిషికి అది తప్పిన సంగతి ఎలా తెలుస్తుంది? అసలు సినిమా చూడకుండా స్పూఫ్ సీను చూసినవాళ్ళ పరిస్థితే ఇక్కడా ఎదురవుతుంది.

ఉదాహరణగా ఒకే సిరీస్‌ను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుంటాను. 2015 జనవరిలో మొదలైన 'బినాన్ కోకో చిక్యూ బోయ్‌బు లవ్!' అది. ఇంగ్లిష్‌లో 'క్యూట్ హై ఎర్త్ డిఫెన్స్ క్లబ్ లవ్!' అనే పేరుతో దొరుకుతుంది. 12 ఎపిసోడ్లు. ఇక్కడి నుంచి దాన్ని డిఫెన్స్ క్లబ్ అంటాను.

కథ రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. బాలుర హైస్కూల్లో ఏ పనీ పెట్టుకోని ఒక క్లబ్ ఉంటుంది, పేరు మాత్రం భూరక్షణ క్లబ్. వేరే గ్రహం నుంచి వచ్చిన ఒక గులాబీ రంగు వోంబాట్ (ఆస్ట్రేలియాలో కనపడే బొద్దు జంతువు లాంటిది) ఆ పేరును నిజమని నమ్మి, ఐదుగురు అబ్బాయిలకు మాయా కంకణాలు తొడిగేస్తుంది. మ్యాజికల్ గర్ల్ కథలో అమ్మాయిలు చేసేవన్నీ ఇక ఈ అబ్బాయిలు చేయాలి, కుచ్చుల బట్టలతో సహా.

## 1. ఏ సిరీస్‌తో మొదలుపెట్టాలో ముందు తేల్చుకోండి

వెతికితే ఈ కోవలో చాలా దొరుకుతాయి. కానీ మొదటిసారి చూసేవాళ్ళకు అన్నీ సరిపడవు. మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది వయసు. 'పుని పుని పోయెమీ' అని 2001లో వచ్చిన రెండు ఎపిసోడ్ల పేరడీ ఉంది. ఈ జాతి కథల్లో (జాన్రాలో) అంత గందరగోళంగా నడిచేది మరొకటి చెప్పడం కష్టం. కానీ అందులో లైంగిక హాస్యం శ్రుతి మించుతుంది, న్యూజిలాండ్‌లో దాన్ని నిషేధించారు కూడా. పేరు మోసింది కదా అని అక్కడ మొదలుపెట్టకండి. నా దృష్టిలో అది మొదటి పది పేరడీల్లో చూడాల్సింది కాదు.

రెండోది, అది నిజంగా పేరడీయేనా అన్నది. 2011లో వచ్చిన 'మడోకా మ్యాజికా'ని చాలామంది ఈ లిస్టుల్లో కలిపేస్తారు. అది మ్యాజికల్ గర్ల్ నియమాలను తిరగేసిన మాట నిజం. కానీ భయపెట్టడానికీ ఏడిపించడానికీ తిరగేసింది. నవ్వుకుందామని కూర్చుంటే మూడో ఎపిసోడ్‌కి మీ మూడ్ పాడవుతుంది. గొప్ప సిరీసే, వేరే రోజుకి దాచుకోండి.

మూడోది, తీసినవాళ్ళకు అసలు జాతి మీద ప్రేమ ఉందా లేదా అన్నది. నేను డిఫెన్స్ క్లబ్‌ను ఎంచుకున్నది ఇందుకే. దర్శకుడు షింజి తకామత్సు 'గింతామా' లాంటి కామెడీలు తీయడానికి చాలా ముందు, 1990లలో పిల్లల హీరో రోబో సిరీస్‌లు తీసినవాడు. బొమ్మలు అమ్ముడుపోవాలి, పిల్లలు చప్పట్లు కొట్టాలి అనే లెక్కతో నడిచే కార్యక్రమాలు లోపల ఎలా తయారవుతాయో అతనికి తెలుసు. కథా నిర్మాణం చూసిన మిచికో యొకొతె 2002లో 'ప్రిన్సెస్ టుటు' అనే అసలైన మ్యాజికల్ గర్ల్ సిరీస్‌కి అదే పని చేసింది. ఇల్లు కట్టడం తెలిసినవాళ్ళు కాబట్టే ఏ ఇటుక కదిపితే నవ్వొస్తుందో వీళ్ళకు తెలుసు.

## 2. అసలు కథలను రుచి చూడండి

ఇది దాటేయకండి. మూడు సిరీస్‌ల నుంచి మొదటి ఎపిసోడ్ ఒక్కొక్కటి చాలు. ఒక్కోటి సుమారు 24 నిమిషాలు. మధ్యలో ఆపి రాసుకోవడంతో కలిపి రెండు గంటల్లో అయిపోతుంది.

'సెయిలర్ మూన్' (1992). మొదట ఇదే చూడాలి. ఉసాగి అనే ఏడుపుగొట్టు, బద్ధకపు అమ్మాయికి లూనా అనే నల్ల పిల్లి ఒక బ్రోచ్ ఇస్తుంది. స్నేహితురాలి తల్లి నడిపే నగల కొట్లో రాక్షసి చేరుతుంది. ఉసాగి రూపం మార్చుకుంటుంది, భయపడి ఏడుస్తుంది, టక్సీడో మాస్క్ అనే ముసుగు వీరుడు గులాబీ విసిరి ఆదుకుంటాడు, కిరీటం విసిరితే రాక్షసి బూడిదవుతుంది. ఈ వరుసను బాగా గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత వచ్చిన పేరడీల్లో సగానికి పైగా ఈ వరుస మీదే నిలబడ్డాయి.

'ఫుతారి వా ప్రీక్యూర్' (2004). నగిసా, హొనొకా ఇద్దరూ చేతులు పట్టుకుంటేనే రూపం మారుతుంది. మంత్రదండం కంటే పిడిగుద్దులకే పని ఎక్కువ. మొదటిసారి మారినప్పుడు తమ బట్టలను, తమ బలాన్ని చూసుకుని వాళ్ళే ఎలా ఆశ్చర్యపోతారో గమనించండి. డిఫెన్స్ క్లబ్ అబ్బాయిలు పడే సిగ్గుకి మూలం ఆ క్షణంలో ఉంది.

'కార్డ్‌క్యాప్టర్ సకురా' (1998). ఇందులో మృదుత్వం ఎక్కువ, శత్రుత్వం తక్కువ. కెరో అనే చిన్న జంతువు సలహాలు ఇస్తూనే తిండి గురించి ఆలోచిస్తుంది. సకురా స్నేహితురాలు తొమొయో ప్రతి సాహసానికీ కొత్త డ్రెస్ కుట్టి, వీడియో కెమెరాతో వెంటపడుతుంది. అంటే తన డ్రెస్సుల పిచ్చిని ఈ జాతి తానే మెల్లగా ఆటపట్టించుకుంది.

టైం తక్కువైతే సకురాను వదిలేయండి. సెయిలర్ మూన్‌ను మాత్రం వదలకండి.

## 3. నియమాల చీటీ తయారు చేసుకోండి

మూడు ఎపిసోడ్లు చూశాక ఫోన్ నోట్స్‌లోనో కాగితం మీదో ఈ చీటీ రాసుకోండి. పేరడీ చూసేటప్పుడు ఇది పక్కనే ఉండాలి.

1. మామూలు అమ్మాయి, ఏదో ఒక లోపంతో: బద్ధకం, ఏడుపు, ఆలస్యం.
2. మాట్లాడే చిన్న జంతువు వచ్చి శక్తి ఇస్తుంది, అనుమతి పెద్దగా అడగదు.
3. మాయా వస్తువు: బ్రోచ్, కంకణం, దండం.
4. మంత్రం లాంటి ఒక పిలుపు, దాని వెంట పాటతో కూడిన రూపమార్పు.
5. మారాక తమను తాము పరిచయం చేసుకునే డైలాగులు, ఒక పోజు.
6. వారానికో రాక్షసుడు, సాధారణంగా ఎవరో మామూలు మనిషి బాధలోంచి పుట్టినవాడు.
7. పేరు పెట్టి అరిచే చివరి అస్త్రం.
8. చాలాచోట్ల చంపడం ఉండదు, శుద్ధి చేయడమే. మనిషి మళ్ళీ మామూలవుతాడు.
9. ఎవరో అందగాడు అవసరానికి ప్రత్యక్షమవుతాడు.
10. శత్రువుల గదిలో శత్రువులు కూర్చుని వచ్చే వారానికి పథకం వేస్తారు.

నాలుగో నియమం దగ్గర కాసేపు ఆగుదాం. దీని వెనకున్న పని అర్థమైతే సగం జోకులు వాటంతట అవే తెలుస్తాయి.

రూపమార్పు సీన్‌ను యానిమే తీసేవాళ్ళు 'బ్యాంక్' అంటారు. ఒకసారి ఎంతో శ్రమపడి, ఖర్చు పెట్టి, అందంగా గీసి దాచుకుంటారు. తర్వాత ప్రతి ఎపిసోడ్‌లోనూ అదే ఫుటేజీని మళ్ళీ వాడుకుంటారు. సెయిలర్ మూన్ మొదటి సిరీస్ 46 ఎపిసోడ్లు. ప్రతి వారం ఆ కాసేపు కొత్తగా గీసే పని తప్పిందంటే బొమ్మలు గీసేవాళ్ళకు ఎంత ఊరటో ఊహించుకోండి. పిల్లలకేమో అదే పాట, అదే గిరికీ ప్రతి వారం ఎదురుచూసే పండగ. పైగా ఆ సీన్‌లో దండం, బ్రోచ్ దగ్గరగా మెరుస్తాయి. బజార్లో ఆ బొమ్మలు అమ్మేది స్పాన్సర్ కంపెనీ.

అంటే ఒకే సీన్ డబ్బు మిగులుస్తుంది, పండగ చేస్తుంది, ప్రకటన కూడా అవుతుంది. పేరడీలు ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటాయి. సీన్ మరీ పొడవు కావచ్చు, మధ్యలో ఎవరో అడ్డు రావచ్చు, శత్రువు ఓపిగ్గా నిలబడి ఎదురుచూడొచ్చు. లేదా డిఫెన్స్ క్లబ్ చేసినట్టు పూర్తి భక్తితో, తళతళలన్నిటితో, ఏ లోటూ లేకుండా గీసి, అందులో అబ్బాయిల్ని పెట్టొచ్చు. అన్నిటికంటే కష్టమైన దారి ఇదేనని నా అభిప్రాయం. ఎక్కడా కన్ను కొట్టకుండా నవ్వించాలి కదా.

## 4. చూసే ఏర్పాటు సరిచూసుకోండి

ఈ భాగం చిన్నదే, కానీ చాలామంది ఇక్కడే తప్పుతారు.

- మీ ప్రాంతంలో అధికారికంగా ఏ స్ట్రీమింగ్ సర్వీసులో ఉందో చూసుకోండి. దొంగ కాపీల్లో సబ్‌టైటిల్స్ సగం జోకుల్ని తినేస్తాయి.
- ఆడియో జపనీస్‌లో పెట్టండి. సీరియస్ గొంతుతో పిచ్చి మాట చెప్పడం మీదే ఇందులో చాలా జోకులు నడుస్తాయి.
- స్పీడ్ మామూలుగానే ఉంచండి. 1.5 రెట్లు పెడితే కామెడీ టైమింగ్ చచ్చిపోతుంది.
- ఓపెనింగ్ పాటను మొదటి మూడు ఎపిసోడ్లలో స్కిప్ చేయకండి.
- వీలైతే టీవీలోనో ల్యాప్‌టాప్‌లోనో చూడండి. వెనకాల జరిగే చిన్న చిన్న పనులు ఫోన్ తెరలో కనపడవు.
- పది సెకన్లు వెనక్కి వెళ్ళే బటన్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

## 5. మొదటి ఎపిసోడ్‌ని సీన్ తర్వాత సీన్‌గా చూడండి

మొదటి ఎపిసోడ్‌ని రెండుసార్లు చూడాలి. మొదటిసారి ఎక్కడా ఆపకుండా. రెండోసారి చీటీ పక్కన పెట్టుకుని, కింది చోట్ల ఆపుకుంటూ.

స్నానశాల మాటలు. ఐదుగురిలో ఎన్, అత్సుషి ఇద్దరూ కురోతమా-యు అనే వీధి స్నానశాలలో వేడినీళ్ళలో కూర్చుని చికువాబు గురించి చర్చిస్తుంటారు. చికువాబు అంటే గోధుమపిండితో చేసే గొట్టం లాంటి ముద్ద. టోక్యో చుట్టుపక్కల ఓదెన్ అనే పులుసులో వేసుకుంటారు. చూడటానికి చేపతో చేసే చికువాలా ఉంటుంది, చేప మాత్రం కాదు. కథకి సంబంధం లేని సొల్లు అనిపించి చాలామంది ముందుకి జరిపేస్తారు. జరపకండి. కాసేపటికి వచ్చే రాక్షసుడు ఆ చికువాబే. ప్రపంచాన్ని కాపాడే కథకి అంత పనికిమాలిన చర్చతో పునాది వేయడం ఈ సిరీస్ పద్ధతి. తర్వాతి ఎపిసోడ్లలో కూడా ఖాళీ కబుర్లు వింటున్నప్పుడు చెవులు రిక్కించండి.

వోంబాట్ రాక. చీటీలో రెండో నియమం. లూనా, కెరో లాంటి మార్గదర్శి జంతువుకి అసలు కథల్లో గౌరవం ఉంటుంది. ఇక్కడ యుమోతో అనే చిన్నవాడికి మెత్తటి జంతువులంటే పిచ్చి. వోంబాట్‌ను పట్టుకుని నలిపేస్తుంటాడు. శక్తినిచ్చిన గురువు తన శిష్యుడిని చూసి పారిపోతుంటాడు. వోంబాట్ మొహం కంటే శరీరం బిగుసుకోవడం చూడండి, నవ్వు అక్కడుంది.

తవారాయామా సార్. స్కూల్లో కదలిక లేకుండా పడున్న టీచర్‌ని వోంబాట్ వెనక నుంచి ఆడిస్తూ, అతని నోటితో మాట్లాడుతుంది. భయపడాల్సిన సంగతిని అందరూ కొద్దిసేపట్లో అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు పడటమే జోకు, కాబట్టి కుర్రాళ్ళు ఎంత త్వరగా మామూలైపోతారో గమనించండి.

రూపమార్పు. ఇక్కడ నవ్వడం ఆపుకుని పాటను, వెలుగును, బట్టలు ఒక్కొక్కటీ అమరే వరుసను చూడండి. సెయిలర్ మూన్‌లో చూసిన వరుస అదే. అసలు దాన్ని ఎక్కడా చిన్నచూపు చూడలేదు. ఆ తర్వాత పరిచయ డైలాగులు వాళ్ళ నోటి నుంచి వాటంతట అవే వచ్చేస్తాయి. చెప్పేశాక సిగ్గుతో చచ్చిపోతారు. నాలుగో నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించి, ఐదో దాని దగ్గర మనుషుల్ని సిగ్గుపడనివ్వడం ఈ సిరీస్ చేసిన మంచి పని.

రాక్షసుడి బాధ. ఆరు, ఎనిమిది నియమాలు కలిసి నడుస్తాయి. రాక్షసుడిగా మారిన విద్యార్థికి నిజంగా ఏదో మనసులో గుచ్చుకుని ఉంటుంది. రూపం ఎంత వెర్రిగా ఉన్నా ఆ బాధను సిరీస్ తేలిగ్గా తీసుకోదు. లవ్ షవర్ అనే చివరి అస్త్రానికి ముందు వాళ్ళు ఏం వింటారో, ఏం అంటారో పట్టించుకోండి. నాకు ఈ సిరీస్ మీద గౌరవం కలిగింది ఈ సీన్ల వల్లే.

రెండోసారి చూశాక సరిచూసుకోండి:

- చీటీలో పది నియమాల్లో ఎన్ని కనపడ్డాయి?
- వాటిలో ఏవి ఉన్నవి ఉన్నట్టు పాటించారు, ఏవి తప్పించారు?
- ఏ నియమం అస్సలు రాలేదు? అది తర్వాత వస్తుందని రాసి పెట్టుకోండి.

## 6. పేర్ల మీద ఒక్క పది నిమిషాలు పెట్టండి

జపాన్‌లో పుట్టినవాళ్ళకు ఈ పేర్లు వినగానే నవ్వొస్తుంది. మనకు మ్యాప్ కావాలి. పాత్రల పేర్లు వేడినీటి ఊటలున్న ఊళ్ళవి.

యుమోతో హాకొనే పేరు కనగావాలోని హాకొనే-యుమోతో నుంచి వచ్చింది. అతని అన్న గోరా పేరు కూడా హాకొనేలోని ఒక చోటే. మిగతా నలుగురి ఇంటిపేర్లూ అంతే: ఎన్‌ది యుఫుయిన్, అది ఓయితా ప్రాంతంలో ఉంది; అత్సుషిది కినుగావా, తోచిగిలో; ఇయోది నరుకో, మియాగిలో; ర్యూది జావో, యమగతాలో.

అసలు మజా శత్రువుల దగ్గరుంది. స్టూడెంట్ కౌన్సిల్లో ముగ్గురు: కుసాత్సు, అరిమా, గెరో. జపాన్‌లో మూడు ప్రసిద్ధ వేడినీటి ఊటలు అని ఎన్నో తరాలుగా చెప్పుకునేవి సరిగ్గా ఈ మూడే. అందుకే వాళ్ళు అంత రాజసంగా టీ తాగుతూ కూర్చుంటారు. మిగతా ఐదుగురు కూడా పేరున్న ఊళ్ళే, కానీ ఆ ముగ్గురి వరుసలోకి రారు. ఇది తెలిశాక హీరోలకీ విలన్లకీ మధ్య హోదా గొడవ కొత్తగా కనపడుతుంది.

## 7. ఒక్కో ఎపిసోడ్‌కి ఒక్క మనిషి మీద కన్నేయండి

ఐదుగురు ఒకేసారి మాట్లాడుతుంటే సబ్‌టైటిల్స్ వెంటపడటమే సరిపోతుంది. దీనికి తేలికైన ఉపాయం ఉంది. రెండో ఎపిసోడ్ నుంచి ఒక్కోసారి ఒక్కరినే చూడండి.

ఎన్‌కి కదలాలంటేనే బద్ధకం. అత్సుషి కళ్ళజోడు పెట్టుకున్న బుద్ధిమంతుడు, అందరికీ సర్దిచెబుతాడు. ఇయోకి డబ్బే లోకం. ర్యూ ఎప్పుడూ ఫోన్‌లో అమ్మాయిలతోనే, అతనికి దక్కిన రంగేమో గులాబీ. యుమోతో అందరికంటే చిన్నవాడు, అందరికంటే నమ్మకం ఉన్నవాడు.

జపాన్ జంట హాస్యంలో ఒకరు బోకె, ఒకరు త్సుక్కొమి. బోకె వెర్రిమాట అంటాడు, త్సుక్కొమి వెంటనే అడ్డుపడి సరిదిద్దుతాడు. డిఫెన్స్ క్లబ్‌లో ఈ పనులు ఎప్పుడూ ఒకరి దగ్గరే ఉండవు, చేతులు మారుతుంటాయి. సరిదిద్దాల్సినవాడు కూడా వెర్రిమాటతో ఏకీభవించిన క్షణం వచ్చిందంటే, ఆ సీన్ మళ్ళీ చూడదగ్గది.

## 8. మొత్తం సిరీస్‌ని ఈ క్రమంలో చూడండి

- మొదటి సిరీస్: 2015, 12 ఎపిసోడ్లు.
- రెండో సిరీస్ 'లవ్! లవ్!': 2016 జూలై నుంచి, 12 ఎపిసోడ్లు. అవే పాత్రలు.
- 'లవ్! లవ్! లవ్!': 2017లో వచ్చిన ప్రత్యేక ఎపిసోడ్.
- 'హ్యాపీ కిస్!': 2018, కొత్త స్కూలు, కొత్త కుర్రాళ్ళు.
- పాత ఐదుగురితో తీసిన సినిమా: 2025 జనవరిలో విడుదలైంది.

ఒక్క కూర్చోవడంలో రెండు ఎపిసోడ్లకు మించి చూడకండి. ఇవి వారానికోసారి చూసేందుకు తయారైనవి. ప్రతి ఎపిసోడ్‌లో అవే మెట్లు తిరిగి వస్తాయి. వరుసగా ఆరు చూస్తే తిరిగి రావడమే విసుగ్గా అనిపిస్తుంది, ఆ మెట్లలో ప్రతిసారీ చేసిన చిన్న మార్పు కనపడదు.

మొదటి సిరీస్ చివరి రెండు ఎపిసోడ్లను మాత్రం కలిపి చూడండి. ముందే వికీ పేజీ తెరవకండి. శత్రువుల వెనక ఎవరున్నారన్నది తెలియకుండా చూడాల్సిన విషయం.

## 9. సాధారణంగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

"ప్రతి ఎపిసోడ్ ఒకేలా ఉంది" అనుకోవడం. ఒకేలా ఉండటం అసలు జాతి లక్షణం. రూపమార్పు వచ్చిన ప్రతిసారీ ఈసారి ఏం మారిందో ఒక్క మాటలో రాసుకోండి. ఎక్కడ మారుతున్నారు, ఎవరు చూస్తున్నారు, ఎవరు విసుక్కున్నారు, ఇలా. మూడు ఎపిసోడ్ల తర్వాత రాసుకున్నవి చదువుకుంటే ఆట తెలుస్తుంది.

అబ్బాయిలు కుచ్చుల బట్టలు వేసుకోవడమే జోకు అనుకోవడం. అదొక్కటే చూస్తే రెండో ఎపిసోడ్‌కి నవ్వు అయిపోతుంది. ఆ బట్టల్లో కూడా వాళ్ళు స్నేహితుల బాధను ఎంత శ్రద్ధగా వింటారో చూడండి. అబ్బాయిలకు ఇలాంటి కథలు పనికిరావనే నమ్మకాన్ని సిరీస్ తిప్పికొడుతోంది, అసలు కథలను వెక్కిరించడం లేదు.

పేరడీ చూసి అసలు జాతిని చులకన చేయడం. ఇది నన్ను బాధపెట్టే పొరపాటు. సెయిలర్ మూన్ ఎపిసోడ్ ఇంకొకటి పెట్టుకుని చూడండి. అక్కడి కామెడీ తక్కువదేమీ కాదు. పేరడీకి కావాల్సిన నవ్వులో చాలా భాగం ఉసాగి దగ్గర ముందే ఉంది.

స్నానాల సీన్లు చూసి తప్పుగా అంచనా వేయడం. అర్ధరాత్రి స్లాట్‌లో, ముఖ్యంగా యువతుల్ని దృష్టిలో పెట్టుకుని చేసిన సిరీస్ ఇది. అమ్మాయిల సిరీస్‌లలో కెమెరా అమ్మాయిల్ని చూసే చూపును ఇక్కడ అబ్బాయిల మీదికి తిప్పారు. అది ఇష్టపడొచ్చు, ఇష్టపడకపోవచ్చు. కానీ కావాలని చేసిన పని అని తెలుసుకుని చూడండి.

ప్రతి తెలియని మాటకీ ఆపి వెతకడం. రిథమ్ పోతుంది. ఎపిసోడ్ అయ్యేదాకా ఆగండి. అప్పటికీ గుర్తున్న మాటల్ని మాత్రం వెతకండి.

## 10. ఇంట్లోవాళ్ళకీ స్నేహితులకీ చూపించాలంటే

చిన్నపిల్లలకు వద్దు. ద్వంద్వార్థపు మాటలు, స్నానాల సీన్లు ఉన్నాయి. ఇంటర్ పిల్లలకు పర్వాలేదు, ముందు మీరొకసారి చూసి నిర్ణయించుకోండి.

పెద్దవాళ్ళకు చూపించేటప్పుడు సెయిలర్ మూన్ మొత్తం చూడమంటే ఎవరూ కూర్చోరు. రూపమార్పు సీన్ ఒక్కటి చూపించి, వెంటనే డిఫెన్స్ క్లబ్‌లో రూపమార్పు చూపించండి. ఆ రెండూ పక్కపక్కన పడితే మాటలతో చెప్పాల్సిన పని తగ్గిపోతుంది.

తెలుగు డబ్బింగ్‌లో షిన్‌చాన్ చూస్తూ పెరిగినవాళ్ళకు ఇంకా తేలిక. షిన్‌చాన్ ఆరాధించే యాక్షన్ కామెన్ గుర్తున్నాడా? అతని పోజు, ఆ నవ్వు జపాన్ ముసుగు హీరో కార్యక్రమాల మీద చేసిన పేరడీ. అంటే వాళ్ళు చిన్నప్పుడే ఒక జాతి పేరడీ చూసేశారు. "అదే పని, ఈసారి అమ్మాయిల హీరో కథల మీద" అంటే చటుక్కున అర్థమవుతుంది.

చూపించే ముందు:

- ఎవరెవరు చూస్తున్నారో, వాళ్ళ వయసు ఎంతో.
- రెండు రూపమార్పు సీన్లు సిద్ధంగా ఉన్నాయా.
- చికువాబు అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పారా.
- జోకు రాకముందే "ఇప్పుడు చూడు" అనే అలవాటు ఉంటే ఆపుకోండి.

## 11. పన్నెండూ అయ్యాక ఏం చూడాలి

'హ్యాపీ కిస్!' కంటే ముందు వేరే దారిలో వెళ్ళిన ఒక పేరడీ చూడటం మంచిదని నా సలహా. 2018లో వచ్చిన 'మహో షోజో ఓరె', 12 ఎపిసోడ్లు. సాకి అనే అమ్మాయి మ్యాజికల్ గర్ల్‌గా మారగానే కండలు తిరిగిన మగవాడైపోతుంది, కుచ్చుల డ్రెస్ మాత్రం అదే. శక్తినిచ్చే జీవి యాకుజా (జపాన్ మాఫియా) మొహంతో ఉంటుంది. ఆమె ప్రేమించే మోహిరోని రాక్షసులు మాటిమాటికీ ఎత్తుకుపోతుంటారు.

డిఫెన్స్ క్లబ్ నియమాలను బుద్ధిగా పాటిస్తూ నవ్విస్తుంది. ఇది వాటిని మొహం మీదే విరగ్గొడుతుంది. ఏ పద్ధతి మీకు నచ్చుతుందో ఈ రెండూ చూశాక తెలుస్తుంది. నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం, కానీ యాకుజా మొహం కనపడిన మొదటి సీన్‌ని కాదనలేను.

దీనికి పాత చీటీనే వాడండి, తొమ్మిదో నియమం దగ్గర మాత్రం గీత పెట్టుకోండి. అవసరానికి ప్రత్యక్షమై కాపాడే అందగాడి స్థానంలో ఇక్కడ ఎప్పుడూ కాపాడించుకునే అందగాడున్నాడు. మోహిరో మాయమైన ప్రతిసారీ ఒక టిక్ పెట్టుకుంటూ వెళ్ళండి. మూడో ఎపిసోడ్ కల్లా చీటీలో లేని నియమాలు మీరే చేర్చాల్సి వస్తుంది, వాటికి చివర ఖాళీ వదిలి పెట్టుకోండి.